కిస్తీలు కడుతుండగా ఉన్నట్టుండి ఖర్చు వస్తే: అక్కర డబ్బు ఎలా కూడబెట్టాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. "బ్యాంకుతో మాట్లాడుకుని కిస్తీ తగ్గించుకున్నాం. నాలుగు నెలలు బాగానే కట్టాం. ఐదో నెల అమ్మకి జ్వరం, టెస్టులకి నాలుగు వేలయింది. కిస్తీ తప్పింది. ఇప్పుడేం చేయాలి?" మనిషిని బట్టి జ్వరం బదులు ఆటో ఇంజనో, ఇంటి పైరేకులో, మేనకోడలి పెళ్లో ఉంటుంది. మిగతాదంతా మామూలే.

కిస్తీ తప్పేలా ఉన్నప్పుడు చేయాల్సింది ఆరో మెట్టులో ఉంది. మీది ఇప్పుడే ఆ పరిస్థితి అయితే ముందు అది చదివి రండి. మిగతావాళ్లు మొదటి నుంచి రండి. ఎందుకంటే ఆ ఐదో నెల సంగతి మొదటి నెలలోనే తేలిపోతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. "ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోండి" అనే సలహా మీరు చాలాచోట్ల వినుంటారు. అప్పుల్లో ఉన్నవాళ్లకి అది పనికిరాదు. అక్కర డబ్బు అని నేను ఇక్కడ అనేది ఒక కిస్తీకి, ఒక ఆసుపత్రి ప్రయాణానికి సరిపడేంత. అంతే.

కావలసినవి

- అప్పు ఒప్పందం కాగితం. రీషెడ్యూల్ లెటర్ గానీ, సెటిల్‌మెంట్ లెటర్ గానీ, గ్రూపు లోను కార్డు గానీ. "నోటిమాటగా ఒప్పుకున్నారు" అంటే లెక్కలోకి రాదు, వెళ్లి రాయించుకు రండి.
- కిస్తీ కట్ అయ్యే ఖాతా పాస్‌బుక్, గత ఆరు నెలల ఎంట్రీలు వేయించి.
- ఒక నోటుబుక్. పిల్లల పాత రూళ్ల పుస్తకంలో మిగిలిన పేజీలు చాలు.
- అప్పు ఉన్న బ్యాంకుతో సంబంధం లేని ఇంకో ఖాతా.
- ఇంట్లో డబ్బు ఖర్చుపెట్టే పెద్దవాళ్లందరూ ఒకచోట ఒక గంట కూర్చోవడం. అన్నిటికన్నా దొరకనిది ఇదే.

1. మీ ఒప్పందం ఏ రకమో తేల్చుకోండి

రెండు రకాలకి తేడా తెలియక దెబ్బతిన్నవాళ్లని చూశాను.

రీషెడ్యూల్ అంటే అప్పు అలాగే ఉంటుంది, గడువు పెంచి నెల కిస్తీ తగ్గిస్తారు. ఒక కిస్తీ ఆలస్యమైతే జరిమానా పడుతుంది, క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర ఉండే కాగితం) మచ్చ పడుతుంది, కానీ ఒప్పందం వెంటనే పోదు. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, అవుతుంది. అప్పటినుంచి వాళ్లు మాట్లాడే తీరే మారిపోతుంది.

ఓటీఎస్, అంటే వన్ టైమ్ సెటిల్‌మెంట్, వేరు. బాకీలో కొంత వదిలేసి, మిగతాది ఇన్ని విడతల్లో, ఈ తేదీల్లోపు కట్టమంటారు. చాలా లెటర్లలో కింద ఒక లైను ఉంటుంది: విడత తప్పితే సెటిల్‌మెంట్ రద్దు, పాత బాకీ మొత్తం మళ్లీ కట్టాలి అని. ఆ లైను ఉందో లేదో ఇవాళే చూడండి. ఉంటే, మీ అక్కర డబ్బులో మొదటి వాటా ఆ విడతది.

గ్రూపు లోను మూడో రకం. మీరు కట్టకపోతే ఆ వారం పక్కింటి వదిన కట్టాలి. జరిమానా కంటే ముందు మాట పోతుంది.

కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే సంతకం దగ్గర ఆపేయకుండా, చదవగలిగినవాళ్ల చేత పూర్తిగా చదివించుకోండి. నోటుబుక్ మొదటి పేజీలో మూడే రాయండి: కిస్తీ తేదీ, తప్పితే ఏమవుతుంది, ఎవరికి చెప్పాలి (బ్రాంచి ఫోన్ నంబరుతో సహా).

2. చెడ్డ నెలని పట్టుకుని లెక్క వేయండి

సగటు ఆదాయం తీసుకోవద్దు. గత ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెల ఏదో అది తీసుకోండి. ఒక లెక్క చూపిస్తాను. భర్త ఆటో, భార్య కుట్టుపని. మంచి నెలలో 19,000 వస్తుంది. వానాకాలంలో, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో 16,000కి పడిపోతుంది.

కిస్తీలు రెండు కలిపి 5,400 (బ్యాంకుది 3,600, గ్రూపుది 1,800). ఇంటద్దె 2,500. బియ్యం, పప్పు, నూనె, కూరలు 4,500. గ్యాస్ రెండు నెలలకొక బండ కాబట్టి నెలకి 450. కరెంటు 450. ఫోన్లు 500. ఇంటి బండికి పెట్రోలు 1,000. ట్యూషన్ 700. మొత్తం 15,500.

చెడ్డ నెలలో మిగిలేది 500. మంచి నెలలో 3,500. ఏడాదిలో నాలుగు చెడ్డ నెలలు, ఎనిమిది మంచి నెలలు అనుకుంటే మిగులు 2,000, ఇంకో 28,000. కలిపి 30,000.

"మాకు అంత మిగలదండీ" అంటారు. మిగులుతుంది, కనబడదు. ఆ 3,500 నెలాఖరుకి ఫోన్‌పేలో చిల్లరగా కరిగిపోతుంది. జూలై వచ్చేసరికి చేతిలో 500 ఉంటుంది, అప్పుడే ఆటో క్లచ్ ప్లేట్ పోతుంది.

మీ లెక్కలో చెడ్డ నెల మిగులు సున్నా కంటే కిందకి పోతే ఇక్కడే ఆగండి. అక్కర డబ్బు దాకా వెళ్లే పని లేదు, మీ కిస్తీయే ఎక్కువగా ఉంది. బ్యాంకుకి మళ్లీ వెళ్లి ఈ పేజీ చూపించి గడువు పెంచమనండి. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే (గ్రూపు లోన్ల లాంటి చిన్న అప్పులు) ఆర్‌బీఐ, అంటే రిజర్వు బ్యాంకు, 2022లో పెట్టిన నియమం ఒకటుంది: ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. కొత్త గ్రూపు లోను ఇస్తామని ఇంటికొస్తే ఈ సగం లెక్క మీరే వేసి చూసుకోండి.

3. "అనుకోని" ఖర్చుల్లో అనుకున్నవి వేరు చేయండి

అసలు పని ఇక్కడుంది. పోయిన ఏడాది మిమ్మల్ని కుదిపేసిన ఖర్చులు రాయండి. రాశాక ఒక్కొక్కదానికీ అడగండి: ఇది వస్తుందని తెలియదా, ఎప్పుడు వస్తుందో తెలియదా?

ఆ ఆటో ఇంటివాళ్ల జాబితా ఇలా వచ్చింది. స్కూలు పుస్తకాలు, యూనిఫాం 4,000. ఇంటి బండి ఇన్సూరెన్స్, సర్వీసు 3,000. సంక్రాంతి బట్టలు, పిండివంటలు 5,000. పెళ్లిళ్లలో చదివింపులు నాలుగు సార్లు 500 చొప్పున 2,000. టెక్కలి, శ్రీకాకుళం రానూపోనూ 1,500. వానలకి ముందు పైకప్పు రేకులు 2,000. జ్వరాలు, మందులు 3,000. మొత్తం 20,500.

ఇందులో నిజంగా అనుకోనిది ఎంత? జ్వరాలు కూడా కాదు. ఏటా వస్తున్నాయి కదా! సంక్రాంతి ఏ తారీఖున వస్తుందో క్యాలెండర్ చెప్తుంది. బరంపురంవాళ్లకైతే ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. చుట్టాలు దిగుతారు, ఖర్చవుతుంది. రెండేళ్ల ముందే తెలిసిన ఖర్చు అది.

20,500ని 12తో భాగిస్తే నెలకి సుమారు 1,700. ఇది "ఏడాది డబ్బు". పైన తేలిన 30,000లో ఇది పోగా మిగిలిన 9,500 "అక్కర డబ్బు". రెండూ ఒకటి కావు. రెండూ కలిపితే అక్కర డబ్బు సంక్రాంతి చీరలకి పోతుంది.

చెడ్డ నెలలో 1,700 తీయడం కుదరదు. అందుకే మంచి నెలల్లో 2,300 చొప్పున తీయండి. ఎనిమిది నెలలకి 18,400 అవుతుంది. చెడ్డ నెలల 500లు నాలుగు కలిస్తే 20,400. వంద తక్కువ. ఆ వందకి చదివింపుల కవరు ఒకటి పల్చబడుతుంది, ఏం కాదు. మంచి నెలలో ఇంకా 1,200 మిగిలింది చూడండి, అది అక్కర డబ్బు.

4. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో జాగ్రత్తగా ఎంచుకోండి

అప్పు ఉన్న బ్యాంకులోనే పొదుపు పెట్టవద్దు. బాకీ పడితే మీ పొదుపు ఖాతాలో ఉన్నదాన్ని అప్పుకి జమ చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. అమ్మ మందులకని దాచింది కిస్తీ కింద వెళ్లిపోతుంది. చట్టప్రకారం అది తప్పు కాదు, కానీ ఆ రోజు మీకు డబ్బు ఉండదు.

పోస్టాఫీసు పొదుపు ఖాతా నాకు నచ్చిన చోటు. 500 ఉంచితే చాలు. యూపీఐకి లింకు చేయకండి. డబ్బు తీయాలంటే పాస్‌బుక్ పట్టుకుని, చెప్పులేసుకుని వెళ్లి క్యూలో నిలబడాలి. ఆ పది నిమిషాల్లో సగం అక్కరలు అక్కరలు కావని తెలిసిపోతుంది. ఏడాది డబ్బుకి పోస్టాఫీసు ఆర్‌డీ (నెలనెలా ఇంత అని కట్టే పొదుపు) కూడా ఉంది, నెలకి 100 నుంచి మొదలు. కానీ ఆర్‌డీలో నెల తప్పితే డిఫాల్ట్ ఫీజు పడుతుంది. కాబట్టి చెడ్డ నెలలో కూడా కట్టగలిగేంతకే ఆర్‌డీ పెట్టుకోండి.

రాత్రిపూట అక్కరకి ఇంట్లో ఒక 1,000 రూపాయలు నోట్లుగా ఉంచండి. పోపుల డబ్బాలో పెట్టే అలవాటు మన ఇళ్లలో కొత్తది కాదు. ఆసుపత్రికి పరిగెత్తేటప్పుడు ఏటీఎం వెతుక్కునే పని ఉండకూడదు.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర యోజన డబ్బు వచ్చే అక్కచెల్లెళ్లు ఒకటి చూసుకోండి. ఏడాదికి 10,000, రాఖీ పౌర్ణమికి 5,000, మార్చి 8 మహిళా దినోత్సవానికి 5,000 చొప్పున ఆధార్ లింకైన ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా, కిస్తీ కట్ అయ్యే ఖాతా ఒకటే అయితే బాకీ కిస్తీ అందులోంచి పోవచ్చు. ఖాతాలు వేరుగా ఉంచుకోండి. ఆ 5,000లో కనీసం సగం వచ్చిన రోజే పోస్టాఫీసులో వేయండి.

5. ముందు ఇంత, తర్వాత అంత

మొదటి గమ్యం ఒక కిస్తీ అంత, మన లెక్కలో 3,600. అక్కడికి చేరేవరకు అప్పుకి అదనంగా ఒక్క రూపాయి కట్టవద్దు.

ఈ తప్పు నేనే చేశాను. ఫైనాన్స్ కంపెనీ ఒకటి (పేరెందుకులెండి) నా బాకీని పన్నెండు విడతలు చేసింది. సంక్రాంతి ముందు చేతిలో నాలుగు డబ్బులాడాయి. తొందరగా తీరిపోవాలనే ఉత్సాహంలో రెండు విడతలు ఒకేసారి కట్టేసి, రసీదు ఫోటో తీసి మా ఆవిడకి పంపాను. పై నెలలో మా వాడికి టైఫాయిడ్. ఖాతాలో 900 ఉంది. "ముందే ఒకటి ఎక్కువ కట్టాను కదా, ఈ నెల వదిలేస్తారులే" అనుకున్నాను. వాళ్లు ఎక్కువ కట్టింది అసలులో జమ చేసుకున్నారు, ఆ నెల ఆటోడెబిట్ (ఖాతాలోంచి దానంతటదే కిస్తీ కట్ అయ్యేది) మామూలుగానే పంపారు, బౌన్స్ అయింది. మా బ్యాంకు ఒక ఛార్జీ, వాళ్లు ఒక జరిమానా. మీరు అదనంగా కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది వచ్చే నెల కిస్తీకి జమ అవుతుందా, అసలుకా?"

రెండో గమ్యం ఒక పెద్దాసుపత్రి ప్రయాణం. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికో, విశాఖకో ఇద్దరు వెళ్లి మూడు రోజులుంటే బస్సు, తిండి, బయట రాసే టెస్టులు ఎంతవుతాయో మీ ఊళ్లో ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లని అడిగి ఆ అంకె రాసుకోండి. అదీ చేరాక, అప్పుడు అదనపు కట్టుబడి గురించి ఆలోచించండి.

6. ఖర్చు మీద పడిన రోజు

ముందు నోటుబుక్ తీయండి, ఫోన్ కాదు. ఫోన్ తీస్తే వేలు లోన్ యాప్ మీదకే వెళ్తుంది.

*ఈ రోజే కట్టాలా?* ఆసుపత్రి అయితే అవును. రేకులైతే టార్పాలిన్ కప్పి నెల రోజులు ఆగొచ్చు. ఫ్రిజ్ అయితే కుండ ఉంది.

*ఇంకెవరైనా కట్టేదా?* అంబులెన్సుకి డబ్బిచ్చే ముందు 108కి ఫోన్ చేయండి, అది ఉచితం. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ కార్డు అమల్లో ఉంది. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు, ఆడవాళ్లకి రాష్ట్రం తరఫున ఇంకో 5 లక్షలు. కార్డు చేయించుకోకపోతే ఒంట్లో బాగున్న రోజే చేయించుకోండి. ఇక్కడ మన సరిహద్దువాళ్లకి ఒక చిక్కు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలో పాతపట్నం, ఇంకాస్త వెళ్తే టెక్కలి, శ్రీకాకుళం. ఒంట్లో బాగోకపోతే కాళ్లు అటే నడుస్తాయి, డాక్టరు తెలుగులో మాట్లాడతాడు కాబట్టి. కానీ ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆంధ్రా నివాసులకే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత ఇప్పటికీ మన ఆసుపత్రి బిల్లు మీద కనబడుతుంది. అటు వెళ్లేముందు ఆ ఆసుపత్రిలో మీ ఆయుష్మాన్ కార్డు నడుస్తుందో లేదో వాళ్ల హెల్ప్‌డెస్కుకి ఫోన్ చేసి, లేదా 14555కి చేసి అడగండి. చేరిన తర్వాత అడిగితే ఆలస్యమే.

*విడతల్లో ఇవ్వొచ్చా?* మెకానిక్కు, స్కూలు, మెడికల్ షాపు చాలాసార్లు ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడి, నూటికి ఐదు వడ్డీకి తెచ్చేవాళ్లు ఉన్నారు. లెక్క చూడండి: 5,000కి నెలకి 250. పది నెలలకి 2,500 కట్టాక కూడా 5,000 అలాగే ఉంటుంది.

వీటన్నిటి తర్వాత కూడా కావాలంటే ఈ వరుసలో వెళ్లండి: అక్కర డబ్బు, తర్వాత ఏడాది డబ్బు (సంక్రాంతి బట్టలు తగ్గుతాయి, అంతే), తర్వాత మీ మహిళా సంఘం పొదుపులోంచి అంతర్గత అప్పు, తర్వాత వడ్డీ లేని చేబదులు తేదీ చెప్పి. బంగారం తాకట్టు ఆసుపత్రికైతే సరే. కిస్తీ కట్టడానికి బంగారం పెట్టకండి, ఒక అప్పుకి రెండు అప్పులవుతాయి.

కిస్తీ తప్పేలా ఉంటే తేదీకి ముందే బ్రాంచికి వెళ్లండి. కనీసం వారం ముందు. ఆటోడెబిట్ వాళ్ల సిస్టమ్ నుంచి ముందే వెళ్లిపోతుంది, చివరి రోజు ఆపమంటే ఆగదు. ఖాతాలో సగమే ఉంటే సగం తీసుకోదు, మొత్తం బౌన్స్ అవుతుంది. కాబట్టి "ఈ నెల ఆటోడెబిట్ ఆపగలరా, కౌంటర్లో కట్టనా?" అని అడగాలి. మాట ఇలా ఉండాలి:

"సార్, 7వ తేదీ నా కిస్తీ 3,600. అమ్మ ఆసుపత్రిలో ఉంది, ఇవిగో బిల్లులు. 7న 1,500 కడతాను. మిగతా 2,100 ఇదే నెల 21న కడతాను. అప్లికేషన్ రాసి తెచ్చాను."

"కొంచెం చూడండి సార్" అంటే ఎవరూ చూడరు. అంకె, తేదీ చెప్తే వాళ్లు పైకి రాయగలరు. అప్లికేషన్ ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయించండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదానిమీద ముద్ర, తేదీ వేయించుకుని తెచ్చుకోండి. గ్రూపు లోనైతే మీటింగుకి ముందురోజే సభ్యులకి చెప్పండి. అందరిముందు తెలిసేకన్నా అది నయం.

ఓటీఎస్ అయితే నోటి హామీ నమ్మకండి. విడత తేదీ పొడిగించామని లెటరో, ఈమెయిలో వచ్చేవరకు పాత తేదీయే అసలు తేదీ.

వసూలుకి వచ్చేవాళ్ల గురించి రెండు ముక్కలు. ఆర్‌బీఐ నియమం ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అయితే 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత చేయకూడదు. ఆలస్యానికి వేసిన జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదన్న నియమం 2024లో అమల్లోకి వచ్చింది. ఇవి తప్పితే ముందు అప్పిచ్చినవాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్లొచ్చు. వివరాలకి 14448.

7. తీసినది తిరిగి నింపండి

అక్కర డబ్బు వాడితే తప్పు చేసినట్టు కాదు, అది ఉన్నదే అందుకు. వాడిన రోజే నోటుబుక్‌లో "3,000, ఎందుకు, ఎప్పటికి నింపాలి" అని రాయండి. తర్వాతి రెండు మంచి నెలల్లో ఆ 1,200తో పాటు ఏదైనా ఒకటి తగ్గించి నింపండి. నింపేవరకు చీటీ పాటలో కొత్తగా చేరవద్దు. చీటీ పొదుపే కదా అంటారు. మధ్యలో అక్కర వస్తే కసరు, అంటే చీటీ మొత్తంలో కొంత, వదులుకుని పాడుకోవాలి, పైగా అదీ ఒక నెలవారీ కట్టుబడే.

ఎక్కువగా చేసే తప్పులు

ఇంట్లో దాచడం మొదటిది. భర్తకి తెలియని గ్రూపు లోను, భార్యకి తెలియని చేబదులు ఉన్న ఇంట్లో పై లెక్క ఏదీ నిలవదు.

కిస్తీ ఖాతాలో సరిగ్గా కిస్తీ అంతే ఉంచడం ఇంకోటి. మెసేజ్ ఛార్జీ, డెబిట్ కార్డు ఛార్జీ కింద ఇరవయ్యో, రెండు వందలో ముందురోజే కట్ అవుతుంది, పది రూపాయలు తక్కువై కిస్తీ బౌన్స్ అవుతుంది. ఇంత చిన్నదానికి ఇంత జరిమానా కట్టినవాళ్లని చూస్తే జాలేస్తుంది. 300 ఎప్పుడూ ఎక్కువ ఉంచండి.

బీమాలు ఆపేయడం కూడా తప్పే. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా (రెండూ 2 లక్షలకి) ఖాతాలోంచి పోతున్నాయని మూసేయించేవాళ్లున్నారు. అవి మే నెలాఖరులో కట్ అవుతాయి. ఏడాది డబ్బు జాబితాలో 456 చేర్చుకోండి, సరిపోతుంది.

సరిగ్గా నడుస్తోందా? ఇలా చూసుకోండి

నెలకోసారి, కిస్తీ కట్ అయిన మర్నాడు, నోటుబుక్‌లో ఉన్న అంకె, పోస్టాఫీసు పాస్‌బుక్ అంకె ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఎవరో తీశారు, రాయలేదు. గొడవపడకుండా రాయించండి.

మూడు నెలలకోసారి లోను స్టేట్‌మెంట్ తీసుకుని, మీరు కట్టినవన్నీ జమ అయ్యాయో, మీకు తెలియని ఛార్జీలున్నాయో టిక్కులు పెట్టుకోండి. ఇంటికొచ్చి వసూలు చేసేవాళ్లకి ఇచ్చినవి ముఖ్యంగా. రసీదు లేని డబ్బు స్టేట్‌మెంట్‌లో కనబడని సందర్భాలు ఉన్నాయి.

ఆరు నెలలకోసారి వెనక్కి తిప్పి, ఎన్నిసార్లు చేబదులు తెచ్చారో లెక్కపెట్టండి. నాలుగు నుంచి ఒకటికి వస్తే లెక్క పనిచేస్తోంది. తగ్గకపోతే మూడో మెట్టులోని జాబితాలో ఏదో పెద్ద ఖర్చు రాయడం మరిచిపోయారు. సాధారణంగా అది పెళ్లిళ్లదో, ఊరి పండగదో అయి ఉంటుంది.

క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే సంస్థలు నాలుగు, సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి ఒక్కొక్కటీ పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకటి తెప్పించుకుని, మీ పేరుమీద మీరు తీసుకోని అప్పు ఏదైనా ఉందేమో చూడండి.

చివరి కిస్తీ కట్టిన రోజు రసీదుతో ఇంటికి వచ్చేయకండి. బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ అడగండి. మొదట్లో సంతకం చేసి ఇచ్చిన చెక్కులు వెనక్కి అడగండి, ఆటోడెబిట్ రద్దు చేయమని అప్లికేషన్ ఇవ్వండి. తర్వాతి నెల ఆ తేదీన పాస్‌బుక్ ఎంట్రీ వేయించి చూడండి, డబ్బు కట్ కాకూడదు.